ఏడు, ఆరు

డెబ్బయ్యారు అనకండి.
ఏడు, ఆరు అనండి.
ఇక్కడి లెక్క పదహారు వేళ్ల మనిషిది.
ఏటా ఈ మాట చెబుతాను,
ఏటా వెనక బెంచీలో ఎవరో
తమ వేళ్లు తడిమి చూసుకుంటారు.

నరసాపురం రేవుకి దగ్గర్లో మా ల్యాబు.
కిటికీలోంచి వశిష్ఠ కనబడదు,
పంటు హారన్ మాత్రం వినబడుతుంది.
ఎనిమిది కిట్లు, ఆరు బతికున్నాయి.
నాలుగో దాంట్లో సి మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది.
ఉప్పుగాలి తిన్న రాగి, ఏం చేస్తాం.

మధ్యలో నల్లటి చిప్పు,
అగ్గిపెట్టెంత పొడుగు, నలభై కాళ్లు, జెర్రి లాగా.
దానికేమీ తెలియదని ముందు ఒప్పుకోవాలి.
తెలిసిందల్లా, ఇప్పుడు ఏ గడి అన్నది.
ఆ గడిలోది తెచ్చుకుంటుంది,
ఏం చెయ్యమంటోందో పోల్చుకుంటుంది,
చేస్తుంది,
పక్క గడి మీదికి వేలు జరుపుతుంది.
సెకనుకి ముప్పై లక్షల టిక్కులు.
గుండె అనకండి, గుండెకి ఆయాసం ఉంటుంది.

మూడు-ఈ అంటే, పక్క గడిలోది చేతిలోకి తీసుకో.
ఆ పక్కన సున్నా ఐదు ఉంటే, అది ఐదు.
అదే సున్నా ఐదు ఒంటరిగా ఎదురైతే
బి లోంచి ఒకటి తగ్గించమనే హుకుం.
ఇది సరుకు, ఇది ఆజ్ఞ అని
ఏ గడి నుదుటా రాసి ఉండదు.
ఎవరి వెనక నిలబడ్డావో అదే నీ అర్థం.
ఈ మాట అన్నాక ఆ రోజు
కాసేపు ఎవరి పెన్నూ కదల్లేదు.

గెడ్డం ఎస్తేరు అవతలి ఒడ్డు పిల్ల,
సఖినేటిపల్లి దాటి ఇంకా లోపలికి.
వాళ్లమ్మ లేసు అల్లుతుంది.
"మా అమ్మా ఇంతేనండి," అంది మొదటి నెల్లోనే.
"ఐదు గొలుసులు, ఒక పొడుగు కుట్టు, తిప్పు,
పన్నెండయ్యేదాకా మళ్లీ అదే.
ఏ దేశం బల్ల మీదికో తెలీదు, చెయ్యి మాత్రం తప్పదు."
మీ అమ్మకి విసుగొస్తుందిగా, అన్నాను.
"అదొక్కటే తేడా అండి."

అక్టోబరులో, ముసురు పట్టిన సాయంత్రం,
పన్నెండుని ఏడుతో హెచ్చవేయమన్నాను.
ఆ చిప్పుకి హెచ్చవేత రాదు, కూడికే వచ్చు.
ఏడుసార్లు కలపాలి,
కలిపినప్పుడల్లా ఏడు ఆరవ్వాలి, ఆరు ఐదవ్వాలి,
సున్నా దగ్గర ఒక చిన్న జెండా లేవాలి,
ఇక వెనక్కి దూకక్కర్లేదని.
అన్నీ రాసింది. శుభ్రంగా రాసింది.
జవాబు గడిలో ఐదు, నాలుగు ఉండాలి,
మన లెక్కలో ఎనభై నాలుగు.
ఉన్నది ఏ-తొమ్మిది.

ముందు సి మీటని తిట్టుకుంది.
మళ్లీ మొదటినుంచీ కొట్టింది, ఏ-తొమ్మిది.
మూడోసారీ అదే.
తప్పు కూడా తప్పకుండా చేస్తుంది అది.
రెండోసారికే నాకు తెలిసిపోయింది, చెప్పలేదు.
ఐదున్నర పంటు హారన్ కొట్టింది.
అప్పుడూ చెప్పలేదు.
ఎందుకో, ఇప్పటికీ నాకు సరైన జవాబు లేదు.

అడుగు అడుగుగా నడిపించడం మొదలెట్టింది,
ఒక్కో హుకుంకీ ఒక్కో నొక్కు,
చూపుడువేలు కాగితం మీద వెంటే వెళ్తూ.
కాగితం అయిపోయింది.
కిట్టు ఆగలేదు.
"సార్, ఈ గడి నేను రాయలేదు."
పొద్దుటి బ్యాచ్ వాళ్లు వదిలేసిన ముక్కలమ్మా అవి.
"మరి నాది అయిపోయిందని
దీనికెవరు చెప్పారు?"

నేను నోరు విప్పకముందే నొక్కింది,
ఏడు,
ఆరు.
ముడి, అని గొణుక్కుంది.
ముడి వేసి తెంపకపోతే
ఒక్క లాగుకి అల్లికంతా ఊడొస్తుందట.

ఐదు, నాలుగు. ఎర్రగా, కదలకుండా.
చూసి, గొడుగు తీసుకుని పరుగెత్తింది.
ఆరున్నర పంటు అందిందో లేదో
మర్నాడు అడగాలనుకుని మర్చిపోయాను.

మెయిన్ ఆపాను.
పొద్దుటి బ్యాచ్ ముక్కలూ, ఆమె ఎనభై నాలుగూ
ఒకే చీకట్లో కలిసిపోయాయి.
కాగితం బల్ల మీదే ఉంది,
చివరి వరసలో పెన్నుతో గట్టిగా దిద్దిన రెండంకెలు,
వెనక పేజీకి కూడా దిగాయి.